ఎర్ర పురుగు పోయింది, పగడం కోలుకోలేదు: ఒకే ట్యాంకులో రెండు ఫ్లాట్‌వర్మ్‌ల కేసు

నేపథ్యం

అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం ఇంట్లో ఉన్న ఉప్పునీటి రీఫ్ ట్యాంకు ఇది. పెట్టి మూడేళ్ళయింది. అద్దం కొలత 150×60×50 సెం.మీ. కింద సంప్ (రెండో తొట్టి), అందులో స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం). సుమారు 55 కిలోల రాయి, అడుగున పలుచగా ఇసుక. అక్రోపొరా (కొమ్మలు వేసే రాతి పగడం) కాలనీలు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో ఎనిమిది ప్లగ్గుల (పగడం ముక్కని అతికించే చిన్న దిమ్మెల) మీద, ఆరు నేరుగా రాతికి అతుక్కుని పెరిగాయి. ఇవి కాక మూడు మాంటిపొరాలు, కొన్ని జొవాంథిడ్‌లు, పుట్టగొడుగు పగడాలు. చేపలు ఒక యెల్లో ట్యాంగ్, ఒక జత క్లౌన్, రెండు క్రోమిస్‌లు.

మేము ట్యాంకు చూడటానికి వెళ్ళిన రోజు నీటి లెక్కలు ఇవి: వేడి 25.5 డిగ్రీలు, లవణీయత 35 పీపీటీ, ఆల్కలినిటీ (నీటి క్షార నిల్వ) 8.2 డీకేహెచ్, కాల్షియం 430, మెగ్నీషియం 1350, నైట్రేట్ 12, ఫాస్ఫేట్ 0.08. అంతకుముందు రెండు నెలల రికార్డులోనూ ఆల్కలినిటీ 7.9కీ 8.4కీ మధ్యనే ఉంది. ఈ సంగతి తరువాత అక్కరకొస్తుంది.

ఇండియాలో చదివేవారికి ముందే ఒక మాట. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరైనా అక్రోపొరా అమ్ముతానంటే కొనకండి. ఇక్కడ ఎర్ర ప్లనేరియా అనే ఫ్లాట్‌వర్మ్ (చదును పురుగు) గురించి ఉన్న భాగం మాత్రం ఏ ఉప్పునీటి ట్యాంకుకైనా వర్తిస్తుంది.

వచ్చిన సమస్య

ఫిర్యాదులు రెండు. మొదటిది, ఇసుక మీదా, అద్దం మీదా, పుట్టగొడుగు పగడాల మీదా తుప్పు రంగు మచ్చల్లా పురుగులు పరుచుకున్నాయి. రెండోది, అక్రోపొరాల రంగు వెలిసిపోతోంది. ఈ రెండూ ఒకే కాలంలో కనిపించాయి కాబట్టి పురుగులే పగడాల్ని తింటున్నాయని ఇంటివాళ్ళు నిర్ణయానికి వచ్చారు. సహజమైన ఊహే. ఈ కేసులో చాలా నెలలు ఆ ఊహ చుట్టూనే తిరిగాయి.

ఇంటాయన అప్పటికే ఒక ప్రయత్నం చేశారు. దుకాణంలో దొరికే ఫ్లాట్‌వర్మ్ మందును, చేపలకు ఏమవుతుందోనన్న భయంతో, లేబుల్ మీదున్న మోతాదులో సగమే వేశారు. పురుగుల్ని ముందుగా తీసెయ్యలేదు. కొన్ని చచ్చాయి, చేపలు ఆయాసపడ్డాయి, కంగారుగా నీళ్ళు మార్చారు. మర్నాటికి పురుగులు మళ్ళీ అద్దం ఎక్కాయి. తక్కువ మోతాదులో పురుగు చావదు, మొద్దుబారి రాతి సందుల్లోకి జారి తరువాత తేరుకుంటుంది. చచ్చిన కొద్దిపాటి పురుగుల విషం మాత్రం చేపలకు తగులుతుంది. అంటే సగం మోతాదుతో కీడే జరుగుతుంది, మేలు జరగదు.

మొదటి గుర్తింపు

డ్రాపర్‌తో నాలుగైదు పురుగుల్ని తీసి తెల్ల గిన్నెలో వేసి, పది రెట్ల భూతద్దంతో చూశాం. పొడవు 3 నుంచి 5 మిల్లీమీటర్లు, రంగు తుప్పు ఎరుపు, తోక చివర స్పష్టంగా మూడు తమ్మెలు. వెలుతురుకి దగ్గరగా, నీటి ఒరవడి తక్కువగా ఉన్న చోట్ల గుమిగూడుతున్నాయి. దీపాలు ఆరిన గంటకి అద్దం మీద ఒక్కటీ లేదు. హాబీలో ఎర్ర ప్లనేరియా అని పిలిచే కన్వల్యూట్రిలోబా ఇదే.

దీన్ని మరో రెండిటితో పొరబడే అవకాశం ఉంది. గోధుమ రంగులో, ఇంచుమించు గుండ్రంగా, వెనుక చిన్న గంటుతో ఉండి, మెత్తటి పగడాలకీ పుట్టగొడుగులకీ అంటుకుని కదలకుండా ఉంటే అది వామినోవా. తెల్లగా, పారదర్శకంగా ఉండి అద్దం మీద చురుగ్గా పాకుతుంటే అది చాలాసార్లు కోపెపాడ్‌లనే చిన్న జీవుల్ని తినే నిరపాయమైన పురుగు, దానికి మందు అక్కర్లేదు. మన చేతిలో ఉన్నదానికి మూడు తమ్మెల తోక ఉంది కనుక ఇక్కడ సందేహం లేదు.

కన్వల్యూట్రిలోబా పగడం మాంసాన్ని తినదు. ఒంట్లో ఆల్గేని పెంచుకుని వెలుతురుతో బతుకుతుంది, దొరికితే కోపెపాడ్‌ల వంటి చిన్న జీవుల్ని పట్టుకుంటుంది. పగడానికి హాని ఎలా అంటే, దాని మీద పరుచుకుని వెలుతురు అడ్డడం వల్ల. ఈ ట్యాంకులో అవి పుట్టగొడుగుల మీద దుప్పటిలా ఉన్నాయి కానీ, ఒరవడి బలంగా తగిలే అక్రోపొరాల మీద ఒక్కటి కూడా లేదు. ఈ విషయం మొదటి రోజే నోటు పుస్తకంలో రాసుకున్నాం. దాని అర్థమేమిటని ఆ రోజే అడిగి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

ఎర్ర పురుగు మీద చర్య

నీలి వెల్వెట్ నుడిబ్రాంక్ పేరుతో అమ్మే నత్త వంటి సముద్ర ప్రాణిని తెద్దామా అని ఇంటాయన అడిగారు. అది ఎర్ర ప్లనేరియాని నిజంగానే తింటుంది. కానీ వేల పురుగులున్న చోట ఒకటి రెండు సరిపోవు. పంపు నోట్లో పడి నలిగిపోయే ప్రమాదం ఉంది. పురుగులు అయిపోయాక మరో తిండి తినదు కాబట్టి ఆకలితో చస్తుంది. ఒక ప్రాణిని తెచ్చి పని అయ్యాక చావనివ్వడం మాకు సమ్మతం కాలేదు. మందే వెయ్యాలని నిర్ణయించాం.

ఈ మందులో ప్రమాదం మందుది కాదు, చచ్చే పురుగులది. కన్వల్యూట్రిలోబా చచ్చి చితికినప్పుడు నారింజ రంగు ద్రవం వదులుతుంది. అది చేపలకు విషం. అందుకని మందు వెయ్యబోయే ముందు పురుగుల సంఖ్యని వీలైనంత తగ్గించాలి. పన్నెండు రోజుల్లో నాలుగుసార్లు, 6 మి.మీ. ఎయిర్‌లైన్ గొట్టంతో, సంప్‌లో వేలాడదీసిన 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌లోకి పురుగుల్ని లాగాం. నీళ్ళు సాక్ గుండా తిరిగి ట్యాంకులోకే వెళ్ళిపోతాయి కనుక ఎంతసేపైనా లాగొచ్చు. మధ్యాహ్నం దీపాలు పూర్తి వెలుగులో ఉన్నప్పుడు అవి పైకి వస్తాయి, అప్పుడే ఈ పని చెయ్యాలి. సాక్‌ని తరువాత మంచినీళ్ళలో ఉతికి ఎండబెట్టాలి.

తరువాత మోతాదు లెక్క. అద్దం కొలతల ప్రకారం 450 లీటర్లు, అయితే నీటి మట్టం అంచుకి 4 సెం.మీ. కిందే ఉంటుంది, అంటే 414. రాయి, ఇసుక ఆక్రమించినది సుమారు 50. సంప్‌లో 100. నికరం 460 లీటర్ల పైమాట. లేబుల్ మోతాదు ఈ నికరానికి కట్టాలి. అంతకుముందు ఒక లీటరు ట్యాంకు నీటిలో ఇరవై పురుగులు వేసి, అదే నిష్పత్తిలో మందు కలిపి చూశాం. అరగంటలో అన్నీ చుట్టుకుపోయాయి. సీసా పాతబడలేదని, మోతాదు చాలుతుందని రూఢి అయింది.

మందు రోజుకి సిద్ధంగా ఉంచినవి: ముందురోజే కలిపి, అదే వేడికి తెచ్చిన 120 లీటర్ల ఉప్పునీరు, కడిగి రియాక్టర్‌లో నింపిన ఒక కిలో యాక్టివేటెడ్ కార్బన్ (మామూలుగా ఇంత ట్యాంకుకి అరకిలో చాలు), గొట్టాలు రెండు, ఖాళీ సాక్‌లు. పాత కార్బన్ తీసేసి, స్కిమ్మర్, యూవీ దీపం ఆపి, రిటర్న్ పంపు దగ్గర మందు కొద్దికొద్దిగా పోశాం. పది నిమిషాల్లో పురుగులు పట్టు వదిలి తేలడం మొదలైంది. తేలినదాన్ని తేలినట్టే ఒకరు గొట్టంతో లాగుతూనే ఉన్నారు. చచ్చిన పురుగు ట్యాంకులో ఎంతసేపుంటే అంత విషం. నలభై ఐదో నిమిషంలో కార్బన్ రియాక్టర్, స్కిమ్మర్ నడిపించి నీళ్ళు మార్చాం. చేపలు గట్టిగా ఊపిరి తీసిన క్షణమే, గడియారం ఎంత చూపించినా సరే, కార్బన్ పెట్టెయ్యాలని ముందే అనుకున్నాం. అంత అవసరం రాలేదు.

ఈ పురుగు మొగ్గ తొడిగినట్టు తన ఒంటి నుంచే పిల్లల్ని వేస్తుంది. ఒక్కటి మిగిలినా మళ్ళీ మంద తయారవుతుంది. ఓవర్‌ఫ్లో పెట్టె, సంప్ మూలలు, రాతి సందులు దాని దాక్కునే చోట్లు. అందుకే ఏడు రోజుల తేడాతో ఇంకో రెండుసార్లు అదే పద్ధతి. మూడోసారి సాక్‌లో రెండే పురుగులు వచ్చాయి. ఆ తరువాత ఎర్రది మళ్ళీ కనపడలేదు.

తప్పిన మూడు వారాలు

పుట్టగొడుగులు వారంలో విచ్చుకున్నాయి. అక్రోపొరాలు మాత్రం ఇంకా పాలిపోతూ వచ్చాయి. "ఎర్రవన్నీ పోయాయి కదండీ, మరి ఇంకా ఎందుకు తెల్లబడుతున్నాయి?" అని ఇంటావిడ అడిగారు. మేము చెప్పిన జవాబు: మూడుసార్లు మందు, అంత కార్బన్, అన్ని నీళ్ళ మార్పులు, ఇవన్నీ పడేసరికి పగడం అలిసిపోయింది, కొంచెం సమయం ఇద్దాం. వినడానికి సబబుగానే ఉంది. తప్పు ఎక్కడంటే, ఆ జవాబు నిజమో కాదో పరీక్షించే మార్గం ఏదీ పెట్టుకోకుండా మూడు వారాలు ఎదురుచూశాం. ఆ మూడు వారాల్లో రెండు కాలనీలు పూర్తిగా పోయాయి.

అలుపే కారణమైతే, అన్ని మందులూ అన్ని నీళ్ళూ సమానంగా తగిలిన మాంటిపొరాలు కూడా వెలవాలి. అవి కొత్త అంచులు వేస్తూ పెరుగుతున్నాయి. ఆల్కలినిటీ ఒడుదుడుకులైతే కొమ్మల కొనలు కాలాలి, ఇక్కడ కొనలు బాగున్నాయి. వెలుతురు ఎక్కువైతే పైభాగం వెలవాలి, పార్ మీటర్‌తో (పగడానికి పనికొచ్చే వెలుతురుని కొలిచే పరికరం) కొలిస్తే కాలనీల దగ్గర 280 నుంచి 320 వచ్చింది, అది మారలేదు. నష్టం మొదలైంది కింద నుంచి, నీడ పడే లోపలి కొమ్మల వెనుక నుంచి. అక్రోపొరాకి మాత్రమే, నీడ వైపు నుంచి, మొదలు నుంచి పైకి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నీటి సమస్య అనే మాట నిలబడదు. ఏదో ప్రాణి తింటోంది.

రెండో పురుగు

భూతద్దంతో చూస్తే పాలిపోయిన భాగం ఒకే తీరులో లేదు. మిల్లీమీటరు, అంతకు కాస్త ఎక్కువ వెడల్పున్న గుండ్రటి లేత మచ్చలు, వాటి మధ్య రంగు ఇంకా మిగిలిన మాంసం. అవి కాటు గుర్తులు. ఒక చిన్న కాలనీని ప్లగ్గుతో సహా తీసి, ట్యాంకు నీళ్ళున్న తెల్ల బకెట్‌లో పట్టుకుని, టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద డ్రాపర్) కొమ్మల సందుల్లోకి గట్టిగా నీళ్ళు కొట్టాం. అడుగున తొమ్మిది పురుగులు పడ్డాయి. గుడ్డాకారం, పొడవు 2 నుంచి 8 మిల్లీమీటర్లు, అంచులు పారదర్శకం, మధ్యలో ఆ పగడం రంగే. తిన్న మాంసం ఒంట్లో కనిపించడమే దాని మారువేషం. పగడం మీద ఉన్నప్పుడు ఎంత తేరిపారచూసినా కనపడదు. మూడు నెలలుగా రోజూ ట్యాంకు ముందు కూర్చునే ఇంటివాళ్ళకి అది ఒక్కసారి కూడా కంటపడలేదంటే ఆశ్చర్యం లేదు.

అక్రోపొరా తినే ఫ్లాట్‌వర్మ్ ఇది. 2011లో అమకుసప్లానా అక్రోపొరే అన్న పేరుతో శాస్త్రీయంగా వర్ణించారు, ఇప్పుడు ప్రోస్థియోస్టోమమ్ అక్రోపొరే అంటున్నారు. మన ఎర్ర ప్లనేరియా ఏసీల్‌లు అనే వర్గానికి చెందింది. డీఎన్ఏ పరిశీలనల తరువాత వాటిని అసలైన ఫ్లాట్‌వర్మ్‌ల నుంచి వేరు చేశారు. హాబీలో రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తాం కాబట్టి ఒకే మందు, ఒకే పద్ధతి అనుకుంటాం. నిజానికి ఒకటి వెలుతురు తిని మొగ్గ తొడుగుతుంది, రెండోది పగడం తిని గుడ్లు పెడుతుంది. ఈ తేడా ఒక్కటే చికిత్సని తలకిందులు చేస్తుంది.

గుడ్లు కూడా దొరికాయి. కాలనీ మొదట్లో, బతికున్న మాంసం ఆగిపోయి ఎముక (పగడం లోపలి గట్టి సున్నపు భాగం) మొదలయ్యే గీతకి కాస్త కిందగా, తేనె రంగు చుక్కలు ఒత్తుగా అతికించినట్టు ఉన్నాయి. ఇవి ప్రతిసారీ ఒట్టి ఎముక మీదే ఉంటాయి. వెతకాల్సిన చోటు అదే.

ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాలేదు. నాలుగు నెలల కిందట ఒక పెద్ద కాలనీ వచ్చింది. ఒకసారి డిప్ చేసి (మందు కలిపిన నీళ్ళలో ముంచి), పాత ప్లగ్గుతోనే, అదే సాయంత్రం ట్యాంకులో పెట్టారు. డిప్ పురుగుని దించుతుంది, గుడ్డుని ఏమీ చెయ్యదు. గుడ్లు ప్లగ్గుతోపాటే ఇంట్లోకి వచ్చాయి.

విఫలమైన ఐదు వారాలు

మొదట తేలిక దారి చూశాం. ఎర్ర పురుగుకి వాడిన మందుని అక్రోపొరా పురుగులున్న ఒక ఫ్రాగ్ (చిన్న పగడం ముక్క) మీద పది లీటర్ల బకెట్‌లో గంటసేపు పరీక్షించాం. పురుగుల్లో సగం మొద్దుబారాయి, బేస్టర్‌తో కొడితే రాలాయి. కొట్టకుండా వదిలిన వాటిలో కొన్ని శుభ్రమైన నీళ్ళలో మళ్ళీ కదిలాయి. గుడ్లు చెక్కుచెదరలేదు. ట్యాంకు మొత్తానికి వేస్తే కొమ్మ సందుల్లో మొద్దుబారి, తరువాత తేరుకునే పురుగులే ఎక్కువ ఉంటాయి. అందుకని ఆ దారి మానుకున్నాం.

రెండోది డిప్. మిగిలిన పన్నెండు కాలనీల్లో ఏడు ప్లగ్గుల మీద ఉన్నవి, వాటిని తీసి వారానికోసారి డిప్ చేశాం. రాతికి అతుక్కున్న ఐదింటినీ ట్యాంకులోనే బేస్టర్‌తో కొట్టాం. రాలిన పురుగుల్ని తింటుందని యెల్లో కోరిస్ రాస్ అనే చేపని తెచ్చాం. అది రాలినవాటిని నిజంగానే తింది. కానీ రాస్ పగటి చేప, రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, ఒత్తైన కొమ్మల లోపలికి నోరు పెట్టలేదు. సిక్స్‌లైన్ రాస్, పెప్పర్‌మింట్ రొయ్య కూడా ఈ పురుగుని కొంత తింటాయి, రొయ్య గుడ్లనీ గీకి తింటుంది. సంఖ్య తగ్గించడానికి సాయపడతాయి, నిర్మూలించవు.

ఐదు వారాల తరువాత, శుభ్రమయ్యాయనుకున్న ఏడు కాలనీల్లో నాలుగింటి మీద మళ్ళీ కాట్లు. కారణం వెతకనక్కర్లేదు. రాతికి అతుక్కున్న ఐదు కాలనీల మొదళ్ళలో గుడ్లు భద్రంగా ఉన్నాయి. డిప్ అయిన ప్రతి కాలనీని తిరిగి అదే నీళ్ళలో, ఆ ఐదింటి పక్కనే పెడుతున్నాం. ఒక పక్క ఊడుస్తూ ఇంకో పక్క చెత్త పోసినట్టయింది. ఈ పురుగుతో అన్నిటినీ ఒకేసారి తియ్యకపోతే ఏ ఒక్కదానికీ ఉపయోగం లేదు.

పనిచేసిన పద్ధతి

ఈ పురుగు అక్రోపొరా మీదే బతుకుతుంది. ట్యాంకులో అక్రోపొరా అనేదే లేకుండా చేస్తే, పొదిగి వచ్చిన పిల్లకి తిండి ఉండదు. కష్టమైన నిర్ణయం, ఎందుకంటే మూడేళ్ళు పెంచిన కాలనీల్ని నరకాలి. ఇంటివాళ్ళతో రెండు రోజులు మాట్లాడాం. "కాలనీ ఆకారం పోతుంది, జాతి మిగులుతుంది" అన్నది చివరికి వాళ్ళని ఒప్పించింది.

బోన్ కట్టర్‌తో ఆరోగ్యంగా ఉన్న కొనలు 3 నుంచి 5 సెం.మీ. ముక్కలుగా కోశాం. మొదళ్ళేవీ ఉంచుకోలేదు, గుడ్లు ఉండేది అక్కడే కాబట్టి. పాత ప్లగ్గులన్నీ పారేశాం. కొత్త ప్లగ్గు మీద ముక్కని జిగురుతో నిలబెట్టి, కోసిన చోట బయటపడ్డ ఎముక అంతటినీ అదే సయనోయాక్రిలేట్ జెల్‌తో కప్పేశాం. ఒట్టి ఎముక కనపడకపోతే గుడ్డు పెట్టే చోటు తగ్గుతుంది, పెట్టినా తెల్లటి జిగురు మీద వెంటనే కనపడుతుంది. మొత్తం ముప్ఫై ఒక్క ముక్కలు వచ్చాయి.

రాతి మీద మిగిలిన మొదళ్ళని ఉలితో గీకి, గీకలేని చోట రెండు భాగాల ఎపాక్సీ ముద్దతో పూర్తిగా మూసేశాం. గోరంత మాంసం మిగిలినా పురుగుకి తిండే.

క్వారంటీన్‌కి 40 లీటర్ల ఒట్టి అద్దపు ట్యాంకులు రెండు పెట్టాం. రెండెందుకంటే, డిప్ అయిన ముక్కలు ఎప్పుడూ రెండో ట్యాంకులోకి వెళ్తాయి, మొదటిది ఖాళీ చేసి మంచినీళ్ళతో కడిగి ఎండబెడతాం, మరుసటి వారం అటుది ఇటు. అద్దం మీద పాకుతున్న పురుగు మిగిలిపోయినా ఎండలో పోతుంది. చేపలు లేవు కాబట్టి ఫిల్టర్ అక్కర్లేదు. చిన్న వేవ్ పంపు, హీటర్, 200 పార్ వెలుతురు, కొత్తగా కలిపిన ఉప్పునీరు చాలు. ఆల్కలినిటీ రోజూ చూసి 8 దగ్గర నిలిపాం. కొత్త నీళ్ళలో పోషకాలుండవు కనుక నైట్రేట్ 5 పీపీఎంకి తగ్గకుండా కలిపాం. సున్నా పోషకాల్లో కోసిన పగడం పుండు సరిగ్గా మానదు.

వేడి 27 డిగ్రీలు. ప్రయోగశాల పరిశీలనల్లో 27 దగ్గర ఈ పురుగు గుడ్డు సుమారు 11 రోజుల్లో పగులుతుంది, గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు దాకా సుమారు 38 రోజులు పడుతుంది. చల్లని నీళ్ళలో ఇదంతా నెమ్మదిస్తుంది. గుడ్డుని ఏ డిప్పూ చంపలేదు కనుక, గుడ్డుగా ఉండే కాలాన్ని కుదించడమే మన చేతిలో ఉన్నది. పిల్ల బయటికి వచ్చాక తిరిగి గుడ్డు పెట్టే లోపు దాదాపు 27 రోజులుంటాయి. వారానికోసారి డిప్ చేస్తే ప్రతి పిల్ల కనీసం మూడుసార్లు మన చేతికి చిక్కాలి. మొదటిసారి అది కంటికి ఆననంత చిన్నది కావచ్చు, మూడోసారి తప్పించుకోవడం కష్టం.

డిప్ తీరు: ఐదేసి లీటర్ల బకెట్లు మూడు. మొదటిదాంట్లో మొక్కల నూనెలతో చేసిన పగడాల డిప్, లేబుల్ మోతాదు, పది నిమిషాలు, చిన్న పంపుతో నీళ్ళు తిరుగుతూ. నిమిషానికోసారి ప్రతి ముక్కనీ అన్ని వైపుల నుంచీ బేస్టర్‌తో కొట్టాలి. డిప్ పని పట్టు సడలించడం, పురుగుని దించేది నీటి దెబ్బ. తరువాత రెండు బకెట్లలో జాడించడం, జిగురు అంచులు భూతద్దంతో చూడడం. మొదటి బకెట్ నీళ్ళని తెల్ల గుడ్డలో వడగట్టి లెక్కపెట్టడం తప్పనిసరి. ఎన్ని రాలాయో తెలియకపోతే ఎప్పుడు ఆపాలో తెలియదు.

తోటకి వాడే ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందుతో డిప్ చేసేవారు ఉన్నారు, అది బలంగా పనిచేస్తుంది కూడా. ఈ ఇంట్లో వద్దన్నాం. ఇద్దరు చిన్న పిల్లలు, వంటింటి సింక్ పక్కనే బకెట్లు. జాడించడంలో పొరపాటు జరిగితే ట్యాంకులోని రొయ్యలు, పీతలు మిగలవు. పైగా లేబుల్‌కి విరుద్ధంగా వాడడం ఫెడరల్ చట్టరీత్యా నేరమని ఆ సీసా మీదే రాసి ఉంటుంది.

లెక్క ఇలా వచ్చింది: మొదటి డిప్‌లో 63, రెండోదాంట్లో 11, తరువాత 2, 1, ఆపైన 0, 0, 0. వరుసగా మూడు సున్నాలు, పైగా 38 రోజులు దాటాలి. రెండు షరతులూ ఏడో వారానికి నెరవేరాయి. ముక్కల్లో ఎనిమిది పోయాయి, ఎక్కువగా మొదటి పది రోజుల్లో, కోత పుండ్ల దగ్గర.

పెద్ద ట్యాంకుని మూడు రోజుల్లో మెల్లగా 27కి తెచ్చి, అక్రోపొరా లేకుండా ఎనిమిది వారాలు ఉంచాలనుకున్నాం. గుడ్లు పగలడానికి పట్టే 11 రోజులకి ఇది చాలా రెట్లు. మనకు తెలియని సందులో చల్లటి మూల ఉండొచ్చు, చూడని గుడ్లుండొచ్చు. ఐదో వారంలో ఒక రాయి వెనుక, ఫ్లాష్‌లైట్ వేస్తే తప్ప కనపడని చోట, అక్రోపొరా మొదలు రెండు రూపాయి బిళ్ళంత మళ్ళీ ఆకుపచ్చగా పెరిగి కనిపించింది. దాన్ని బేస్టర్‌తో కొడితే ఒక పురుగు రాలింది. అంటే ఆ ఐదు వారాలూ లెక్కలోకి రావు. ఎపాక్సీతో మూసి, గడియారం మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇంటివాళ్ళు నిరాశపడ్డారు, కానీ ఆ ఒక్క పురుగుని బకెట్‌లో కళ్ళారా చూశాక ఎవరూ వాదించలేదు. అప్పటికి క్వారంటీన్ పూర్తికావస్తున్న ముక్కలు అక్కడే ఇంకో ఆరు వారాలు ఆగాయి.

ఈ కేసు తరువాత మారినవి

కొత్త ట్యాంకు చూడటానికి వెళ్ళినప్పుడు ఇప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న, కనపడుతున్న పురుగు ఏది అని కాదు. ఏ జాతి పగడం చెడుతోంది, ఏ జాతి చెడడం లేదు, ఒక్కో కాలనీలో ఏ వైపు నుంచి మొదలైంది అని. ఆ మూడు గళ్ళూ నింపాకే పురుగు వైపు చూస్తాం. కనపడే పురుగు ఆ గళ్ళని వివరించకపోతే ఇంకొకటి ఉన్నట్టే లెక్క. ఈ ట్యాంకులో ఎర్ర ప్లనేరియాకి చేసిన చికిత్స సరైనదే, అవసరమైనదే. అయితే అది రెండు ఫిర్యాదుల్లో ఒకదానికి మాత్రమే జవాబు.

ఎదురుచూద్దాం అని చెప్పాల్సి వస్తే, ఇప్పుడు తేదీతో సహా చెబుతాం: ఏడు రోజుల్లో ఫలానా మార్పు కనపడకపోతే ఒక కాలనీని బకెట్‌లో కొట్టి చూస్తాం అని. ఆ పరీక్షకి పది నిమిషాలు, ఒక తెల్ల బకెట్, ఒక బేస్టర్ చాలు. మొదటి రోజే చేసి ఉండాల్సింది.

కొత్త అక్రోపొరా ఏది వచ్చినా ఆ ఇంట్లో పద్ధతి ఒకటే. పాత ప్లగ్గు, మొదలు కోసి పారేయడం, ఎముక మీద జెల్, 27 డిగ్రీల క్వారంటీన్‌లో ఆరు వారాలు, వారానికోసారి డిప్, లెక్క రాసిన కాగితం అద్దానికి అంటించి ఉంటుంది. మొత్తం ఇరవై మూడు ముక్కలు పెద్ద ట్యాంకులోకి తిరిగి వెళ్ళాయి, అవి తొమ్మిది పాత కాలనీలవి. నాలుగు వారాలకి ఒకసారి, ఎనిమిది వారాలకి ఒకసారి మూడేసి ముక్కల్ని తీసి బకెట్‌లో కొట్టి చూశాం. పురుగు లేదు, గుడ్డు లేదు. మాంటిపొరా పక్కన పెట్టిన నీలి అక్రోపొరా ముక్క జెల్ మీదుగా ప్లగ్గు అంచుదాకా పరుచుకుంది.